స్వరాలు రాసిన చెయ్యి
(మార్గరెట్ కజిన్స్ స్మారకోపన్యాసం, కూకట్‌పల్లి)



మన కూకట్‌పల్లి రైతుబజారులో మదనపల్లె అంటే టమాటాయే. చీకటి పడ్డాక ఆ వైపు బస్సు కోసం హౌసింగ్ బోర్డు కాలనీ రోడ్డు మీద సంచులు పట్టుకుని నిలబడేవాళ్లూ మనలో ఉన్నారు. నూరేళ్ల కిందట ఆ మదనపల్లెలో ఒక ఐరిష్ దంపతులు కాపురమున్నారు. భర్త జేమ్స్ కజిన్స్ అక్కడి థియొసాఫికల్ కాలేజీకి ప్రిన్సిపాలు. భార్య మార్గరెట్. ఈ సాయంత్రం మనం తలుచుకుంటున్నది ఆమెను.

ఐర్లండులోని బాయిల్ అనే చిన్న ఊళ్లో 1878లో పుట్టిందామె. సంగీతంలో పట్టా పుచ్చుకుంది. 1908లో హానా షీహీ స్కెఫింగ్టన్‌తో కలిసి ఆడవాళ్ల ఓటు కోసం సంఘం పెట్టింది. అద్దాలు పగలగొట్టి 1910లో లండనులో, 1913లో ఐర్లండులో జైలుకు వెళ్లింది. 1915లో మన దేశానికి వచ్చింది. ఐర్లండులో ముప్పై ఏళ్లు దాటిన కొందరు స్త్రీలకు 1918లో ఓటు వచ్చేనాటికి, ఆమె ఇక్కడి స్త్రీల ఓటు పనిలో మునిగి ఉంది.

ఆ పని మొదలైన తీరు వినదగ్గది. 1917లో భారత వ్యవహారాల మంత్రి మాంటేగు మద్రాసు వస్తున్నాడు. ఆడపిల్లల చదువు గురించి విన్నవించుకుంటామని మార్గరెట్ అనుమతి అడిగింది. రాజకీయ విషయాలైతేనే వింటామని జవాబొచ్చింది. ఇంకొకరైతే కాగితం మడిచి పెట్టెలో పెట్టేవారు. ఆమె సరేనని, ఓటు హక్కునే కోరికల్లో చేర్చింది! ఆ డిసెంబరులో మంత్రి ఎదుటికి వెళ్లిన బృందానికి ముందు నిలిచింది మన హైదరాబాదు ఆడపడుచు సరోజినీ నాయుడు. 1921లో మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటిచ్చింది. 1926లో కమలాదేవీ చట్టోపాధ్యాయను పట్టుబట్టి ఎన్నికల్లో నిలబెట్టిందీ మార్గరెటే. కొద్దిపాటి ఓట్ల తేడాతో కమలాదేవి ఓడిపోయింది. కానీ ఆడవాళ్లు పోటీకి దిగే దారి పడింది.

ఇక మదనపల్లె. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడికొచ్చి కొన్నాళ్లున్నారు. ఒక సాయంత్రం విద్యార్థుల ముందు ‘జనగణమన’ పాడారు. బెంగాలీ రాని పిల్లలు కూడా గొంతు కలిపారు. ఆయన పాడుతుంటే విని మార్గరెట్ స్వరాలు రాసుకుంది, ఆయనకు చూపించి సరేననిపించుకుంది. ఫిబ్రవరి 28న ఆ పాటకు ఆయన ఇంగ్లీషు అనువాదం కూడా అక్కడే పూర్తయింది.

ఇక్కడే మనం తడబడుతున్నాం. జాతీయగీతానికి బాణీ కట్టింది ఆమేనని ఉత్సాహవంతులు చెబుతుంటారు. ఆ పాట 1911లోనే కలకత్తా కాంగ్రెసు సభలో వినిపించింది. బాణీ ఠాగూర్‌దే. మార్గరెట్ దాన్ని కాగితానికెక్కించింది. నోటి పాట నలుగురికీ ఒకేలా చేరాలంటే ఆ కాగితం ఉండాలి కదా. చేసిన పనే అంత గొప్పదైనప్పుడు చెయ్యనిది అంటగట్టడం దేనికి?

1932లో మార్గరెట్ ప్రభుత్వ ఆర్డినెన్సులను బహిరంగ సభలో ఖండించి, పూచీకత్తు ఇవ్వనని వేలూరు జైలుకు వెళ్లింది. చివరి ఏళ్లు పక్షవాతంతో మంచాన గడిపి 1954 మార్చి 11న కన్నుమూసింది. మరో రెండేళ్లకు జేమ్స్ మదనపల్లెలోనే పోయారు.

మార్గరెట్‌లా వలసపోయిన ఐరిష్‌వాళ్ల కథలు చెప్పడానికే డబ్లిన్‌లో 2016లో ‘ఎపిక్’ అనే మ్యూజియం తెరిచారు. మనకూ సరోజిని ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్ నాంపల్లిలో ఉంది. అక్కడ ఏటా మార్చిలో ఒక వారం మార్గరెట్ ప్రదర్శన పెట్టవచ్చు. మాంటేగుకిచ్చిన వినతిపత్రం నకలు, స్వరాల కాగితం నకలు, ఒక పియానో చాలు. స్కూలు పిల్లలు వచ్చి ఆ స్వరాలు చూసి పాడాలి. విగ్రహం పెడితే ఏడాదికొకసారి దండ పడుతుంది. కాగితం చూపిస్తే పిల్లలు ప్రశ్నలు అడుగుతారు.

పేట మారి, ఊరు మారి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనకు, వచ్చిన చోటును సొంతం చేసుకోవడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అందుకే నిర్వాహకులకు నాదొక విన్నపం. ఆ ప్రదర్శన పెట్టిన రోజున గాజుపెట్టె కింద చీటీ మీద ఇంతే రాయండి: బాణీ ఠాగూర్‌ది, స్వరాలు రాసిన చెయ్యి మార్గరెట్‌ది.