శ్రీ సిరికొండ మధుసూదనాచారి గారి శాసనసభా జీవితము



మన విశ్వబ్రాహ్మణ కులమునుండి శాసనసభ కేగి, అచ్చటి అత్యున్నత పీఠము నధిష్ఠించిన శ్రీ సిరికొండ మధుసూదనాచారి గారిని గూర్చి ప్రసంగింపవలసినదని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. మేము బ్రతుకంతయు బాలురచే శబ్దమంజరి వల్లె వేయించినవారము. స్తోత్రపాఠములు మాకు క్రొత్త కావు. అయినను స్తోత్రము విని యింటికి పోయినవానికి మిగులునది స్వల్పము. కావున నీ దినమున వారి యెన్నికల చరిత్రను, జయములతోబాటు పరాజయములను గూడ మీ ముందుంచ దలచితిమి. అది వారొక్కరి చరిత్ర కాదు. ఊరికి నాలుగిండ్ల చొప్పున చెదరియున్న మనబోటి వారు ప్రజాప్రభుత్వమున నెంతవరకు పోగలరో తెలుపు లెక్క యది.

శ్రీ ఆచారి గారు 1956వ సంవత్సరమున పరకాల ప్రాంతపు నర్సక్కపల్లి గ్రామమున జన్మించిరి. 1994లో తెలుగుదేశము పక్షమున శాయంపేట నియోజకవర్గమునుండి తొలిసారి శాసనసభకు ఎన్నికైరి. శాయంపేట సామాన్యమైన చోటు కాదు. అచ్చట 1978, 1983 సంవత్సరములలో గెలుపొందిన చందుపట్ల జంగారెడ్డి గారే 1984లో హనుమకొండ లోక్‌సభ స్థానమున శ్రీ పి.వి. నరసింహారావు గారిని ఓడించిరి. ఆ యేడు దేశమంతటను భారతీయ జనతాపక్షమునకు దక్కినవి రెండు స్థానములు, అందొకటి యిది. పెద్దవారిని పడగొట్టిన నేల యగుటచే, అచ్చట చిన్నవారు గెలుచుటయు, గెలిచి నిలుచుటయు రెండును కష్టమే. 1999, 2004 సంవత్సరములలో శాయంపేట కొండా సురేఖ గారి వశమయ్యెను.

ఈలోగా 2001లో తెలంగాణ రాష్ట్ర సమితి పుట్టినప్పుడు, శ్రీ కల్వకుంట్ల చంద్రశేఖరరావు గారి వెంట నడచిన తొలివారిలో ఆచారి గారొకరు. ఆనాడా పక్షమున చేరుట లాభసాటి బేరము కాదు. నియోజకవర్గముల పునర్విభజనముచే శాయంపేట పేరే మాసిపోయి, 2009లో భూపాలపల్లి నియోజకవర్గ మేర్పడెను. ఆ తొలి యెన్నికలో కాంగ్రెసు పక్షమున గండ్ర వెంకటరమణారెడ్డి గారు గెలుపొందిరి. ఆచారి గారు ఓడిరి. 2014లో మరల వారిరువురే తలపడిరి. ఈ తూరి ఆచారి గారు 7,214 ఓట్ల యాధిక్యముతో గెలిచిరి.

1994కును 2014కును నడుమ ఇరువది సంవత్సరములు. పదవి లేనివాని యింటికి పిలుపులు తగ్గును. పెండ్లి శుభలేఖలు సైతము ముహూర్తము దాటిన పిదప వచ్చును. 2001లో పట్టిన జెండాను వారా యెడబాటులో విడువలేదు. గెలుపుకన్న నీ యోర్పునే మేము హెచ్చుగా నెన్నుదుము.

ఇక నా 7,214 ఓట్లను కొంచెము విప్పి చూతము. 2014లో పోటీ మూడు పాయలుగా సాగినది. భారతీయ జనతాపక్షమున గండ్ర సత్యనారాయణరావు గారు నిలిచిరి. (ఇంటిపేరొక్కటే గాని వెంకటరమణారెడ్డి గారి కుటుంబము వేరు, వీరి కుటుంబము వేరు.) ఓడిన యిద్దరి ఓట్లును కలిపినచో, గెలిచినవారి ఓట్లకంటె నెంతయో హెచ్చు. తెలంగాణ మేర్పడిన యుత్సాహ మొక వంక, ప్రత్యర్థుల చీలిక యొక వంక తోడ్పడినవి. సింగరేణి గనుల కార్మికులు, చెల్పూరు విద్యుత్కేంద్రపు ఉద్యోగులు, ప్రత్తి మిరప పండించు రైతులు వేసిన ఓట్లవి. కొలిమి, దాగలి, బాడిశ, ఉలి పట్టిన మన యిండ్ల ఓట్లన్నియు గుట్టపోసినను అందు పిడికెడే. మన సభలలో గొందరు "మన ఓట్లతో మన యాచారి గెలిచెను" అని పలుకుచుందురు. అది వినుటకింపు, లెక్కకు నిలువదు.

పొరుగు ప్రాంతములను జూచిన నీ సంగతి మరింత తేటపడును. 2016 అక్టోబరులో పాత వరంగల్లు జిల్లా చీలి జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలైనవి కదా. మహబూబాబాదు జిల్లాలోని డోర్నకల్లు 2009 వరకు జనరల్ స్థానము. అట్టిచోట లంబాడి కుటుంబమున బుట్టిన రెడ్యానాయక్ గారు 1989 మొదలు 2004 వరకు వరుసగా నాలుగు పర్యాయములు గెలిచిరి. ఆ స్థానము గిరిజనులకు ప్రత్యేకింపబడిన 2009లోనో, సత్యవతి రాథోడ్ గారి చేతిలో నోడిరి! మరల 2014, 2018లలో గెలిచిరి. చట్టపు రక్షణ లేనప్పుడును వారు గెలుచుటకు తండాల బలము కలదు. జనము గుంపుగా నున్నది. మనకట్టి గుంపు లేదు.

జనగామలో వెనుకబడిన తరగతులకు జెందిన పొన్నాల లక్ష్మయ్య గారు 1989, 1999, 2004, 2009 సంవత్సరములలో గెలిచిరి. చివరి గెలుపునకు ఆధిక్యము 236 ఓట్లు మాత్రమే. 2014లో తెలంగాణ ప్రదేశ కాంగ్రెసునకు తొలి యధ్యక్షులై యుండియు సొంత స్థానమున నోడిరి. 2018లో మరల నోడిరి. 2023లో వెనుకబడిన తరగతుల నాయకులకు గౌరవము లేదని చెప్పి, బహుకాలము సేవించిన పక్షమును వీడిరి. నాలుగు తడవలు గెలిచిన వారికే యట్లున్నప్పుడు, మన బలమెంతయో వేరుగ జెప్పనేల?

2014 జూనులో ఆచారి గారు తెలంగాణ శాసనసభకు తొలి సభాపతిగా ఏకగ్రీవముగ నెన్నికైరి. అన్ని పక్షములవారును సమ్మతించిన యా దినము మన కులమునకు పండుగ యనుటలో సందేహము లేదు. స్పీకరు అను ఆంగ్లపదమునకు మాటలాడువాడని యర్థము. కాని సభలో నందరికంటె దక్కువ మాటలాడవలసినవాడాతడే. ఆచారి గారి మృదుభాషిత మా పీఠమునకు తగినది. సభ లేని దినములలో నియోజకవర్గపు పల్లెలలో రాత్రి బస చేసి జనుల కష్టసుఖములు విచారించుచుండిరి.

అయిన నా పీఠముపై వారు చేసినదంతయు మెచ్చదగినదని మేము చెప్పజాలము. పక్షము మారిన సభ్యుని యనర్హతను విచారించు నధికారమును 1985లో రాజ్యాంగమున చేరిన పదవ షెడ్యూలు సభాపతికే యొసగినది. 2014లో తెలుగుదేశము పక్షమున 15 మంది గెలిచిరి. వారిలో తలసాని శ్రీనివాస్ యాదవ్ గారా డిసెంబరులోనే సమితి ప్రభుత్వమున మంత్రియైరి. జనగామ జిల్లాలోని పాలకుర్తి నుండి గెలిచిన ఎఱ్ఱబెల్లి దయాకరరావు గారు 2016లో సమితిలో చేరిరి. ఆ మార్చిలో 12 మంది విలీనమును సభాపతి గుర్తించిరి. కాంగ్రెసు పక్షమున గెలిచిన రెడ్యానాయక్ గారును అధికారపక్షమునకే పోయిరి. అనర్హత విన్నపములు చిరకాలము తీర్పు నెరుగక నిలిచిపోయెను. మూడింట రెండు పాళ్లవారు కలిసిన విలీనమున కక్షరముగ చట్టమున చోటున్నది, నిజమే. కాని యొక్కొక్కరే పోవుచున్నప్పుడు కాలయాపన చేసి, లెక్క కుదిరిన పిదప గుర్తించుట న్యాయాధిపతికి దగునా? మధ్యస్థుడనగా నడుమ నిలుచువాడని మేము బాలురకు చెప్పియుంటిమి.

2018 మార్చిలో గవర్నరు ప్రసంగ సమయమున విసరబడిన హెడ్‌ఫోను మండలి యధ్యక్షులు స్వామిగౌడ్ గారి కంటికి దగిలెనన్న యారోపణపై, కోమటిరెడ్డి వెంకటరెడ్డి, సంపత్ కుమార్ గార్లు శాసనసభ్యత్వమునుండి బహిష్కరింపబడిరి. మరుసటి నెలలో హైకోర్టు దానిని కొట్టివేసెను. ఇదియు వారి కాలపు చరిత్రలో మరుగుపరుపరాని పుట.

కాలచక్రమెట్లు తిరిగినదో చూడుడు. 2023 యెన్నికల పిదప సమితి వారసులైన భారత రాష్ట్ర సమితి సభ్యులు పదిమంది కాంగ్రెసు వైపు పోయిరని యా పక్షమే న్యాయస్థానముల కెక్కినది. వారిలో జనగామ జిల్లా స్టేషన్ ఘనపూర్ సభ్యులు కడియం శ్రీహరి గారొకరు. మూడు నెలలలో తేల్చవలసినదని 2025 జులై 31న సుప్రీంకోర్టు నేటి సభాపతికి ఆదేశించెను. పాత సభలో నట్టి గడువే యున్నచో ఆచారి గారి పేరునకు మరింత వన్నె వచ్చియుండెడిది.

2018 డిసెంబరు యెన్నికలలో భూపాలపల్లియందు మరల నా ముగ్గురే నిలిచిరి. వెంకటరమణారెడ్డి గారు కాంగ్రెసు పక్షమున గెలిచిరి. సత్యనారాయణరావు గారు ఫార్వర్డు బ్లాకు గుర్తుపై రెండవవారైరి. సభాపతి మూడవ స్థానమునకు దిగిరి. రాష్ట్రమంతట సమితి గాలి వీచిన యేడది. నాలుగేండ్ల క్రితము మేలు చేసిన చీలిక ఈ తూరి పనికిరాలేదు. సభాపతుల కిట్టి గతి క్రొత్త కాదు. ప్రతిభాభారతి గారు 2004లో, సురేశ్ రెడ్డి గారు 2009లో, నాదెండ్ల మనోహర్ గారు 2014లో ఓడిరి. ఆంధ్రప్రదేశమున కోడెల శివప్రసాదరావు గారు 2019లో, తమ్మినేని సీతారాం గారు 2024లో ఓడిరి. దీనిని శాపమనువారు కలరు. 2023లో పోచారం శ్రీనివాసరెడ్డి గారు బాన్సువాడలో గెలిచి యా శాపమును త్రెంచిరి. మాకు దోచు కారణము శాపము కాదు: సభాపతి తన పక్షపు కార్యకర్తలకు దూరమగును, ఎదుటి పక్షమునకు దగ్గర కాడు.

ఆపై జరిగినది విచిత్రము. ఆచారి గారిని ఓడించిన వెంకటరమణారెడ్డి గారు 2019లో సమితిలోనే చేరిరి. 2023లో సమితి పక్షమున నిలువు నవకాశము వారిదే యయ్యెను. వారిని కాంగ్రెసు పక్షమున సత్యనారాయణరావు గారు 50,000కు పైబడిన యాధిక్యముతో నోడించిరి. ఆచారి గారినో 2021 డిసెంబరులో గవర్నరు కోటాలో శాసనమండలికి పంపిరి. 2024 జులైలో వారు మండలిలో ప్రతిపక్ష నాయకులైరి. ఓటరుల కడకు పోవు త్రోవ మూసుకొని, నామినేషను త్రోవ తెరచుకొన్నది. గౌరవము నిలిచెను, స్థానము పోయెను. ఈ రెంటికి గల భేదమును మన పోషకులు గుర్తింపవలెనని మా కోరిక.

ఆచారి గారి సభాపతిత్వపు చర్చలన్నియు శాసనసభా చర్చల సంపుటములలో నచ్చై యున్నవి. మన సన్మానసభలలో శాలువలకు వ్యయమగు ధనమున గొంత యీ యేడు తీసి, 1994–99, 2014–18 కాలముల సంపుటములను సంపాదించి, మన బాలురు చదువు పఠనమందిరమున నుంచుడు. వానికి విషయసూచిక వ్రాయు పని మేము స్వయముగ జేసెదము. కండ్లద్దముల ఖర్చు సంఘముపై వేయము.