చదివిన ఏడాదిని పోగొట్టుకోకండి

మన పిల్లలకు ముందుగా ఒక ప్రశ్న. మీలో ఎంతమందికి 12 అంకెల అపార్ నంబరు ఉంది? చేతులెత్తినవాళ్లు తక్కువే. అందుకే ఈ నాలుగు మాటలు.

తెనాలిలో మా హాస్టల్లో ఉండి డిగ్రీ మొదటి సంవత్సరం పాసైన ఒక యానాది అమ్మాయి ఉంది. రెండో ఏడాది మొదట్లో వాళ్ల నాన్న మంచాన పడ్డాడు. ఇంటిల్లిపాదీ రొయ్యల చెరువుల పనికి నిజాంపట్నం వైపు వెళ్లిపోయారు. రెండేళ్ల తర్వాత ఇంటికి దగ్గరగా ఉన్న వేరే కాలేజీకి వెళ్తే, మళ్లీ మొదటి సంవత్సరంలో చేరమన్నారు. "పాసైన పరీక్షలు మళ్లీ ఎందుకు రాయాలమ్మా?" అని వాళ్లమ్మ మమ్మల్ని అడిగింది. బడి మొహం చూడని తల్లి అడిగిన ప్రశ్నకు బీఎడ్ చదివిన మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. సిగ్గుపడ్డాం కూడా.

తర్వాత తెలుసుకున్నాం. 2021 జులైలో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని ఒకటి మొదలైంది. యూజీసీ నిబంధనలతో నడుస్తుంది. మనం పాసైన ప్రతి పేపరుకూ కొన్ని క్రెడిట్లు ఉంటాయి. ఏడాదికి దాదాపు 40, మూడేళ్ల డిగ్రీకి 120. అవి మన ఖాతాలో జమవుతాయి. మామూలుగా ఏడేళ్ల వరకు చెల్లుతాయి. మధ్యలో ఆగినా, ఊరు మారినా, ఆ ఖాతాలో ఉన్నవి చూపించి పై సంవత్సరంలో చేరమని అడగవచ్చు.

అయితే జమ చేయాల్సింది చదివిన సంస్థ. మనంతట మనం వేసుకోలేం. మన అమ్మాయి ఖాతా చూస్తే సున్నా! ఎందుకంటే పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు. మన ఇళ్లల్లో పేరు పెట్టేది అమ్మమ్మ, రాసేది ఎవరో. ఆధార్ సరిచేయించి, పాత కాలేజీ చుట్టూ తిరిగి, క్రెడిట్లు ఎక్కించేసరికి మూడు నెలలు పట్టింది.

క్రెడిట్లు ఉన్నంత మాత్రాన అన్నీ ఒప్పుకుంటారని అనుకోవద్దు. నాగార్జున యూనివర్సిటీ కిందే ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారితే సిలబస్ ఒకటే కాబట్టి చిక్కు తక్కువ. ఆంధ్రా యూనివర్సిటీకో, విజయనగరంలోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికో మారాలంటే, మీ పేపరూ వాళ్ల పేపరూ సరిపోతాయా లేదా అన్నది చేర్చుకునేవాళ్లు చూస్తారు. ఖాళీ సీటూ ఉండాలి. డిగ్రీ ఇచ్చే సంస్థలోనే కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలన్న నియమం కూడా ఉంది. కాబట్టి మూడో ఏడాది చివర్లో మారడం తెలివైన పని కాదు. టీసీ తీసుకోకముందే కొత్త కాలేజీ ఏయే పేపర్లు ఒప్పుకుంటుందో కాగితం మీద రాయించుకోండి. నోటిమాట నమ్మి మేమూ ఒకసారి దెబ్బతిన్నాం.

ఫీజు బకాయి ఉందనో, పెళ్లి కుదిరిందనో చెప్పకుండా మానేసేవాళ్లకే ఎక్కువ నష్టం. మానేయక తప్పకపోతే, వెళ్లేముందు మార్కుల మెమోలు తీసుకుని, డిజిలాకర్ తెరిచి క్రెడిట్లు పడ్డాయో లేదో చూసుకుని వెళ్లండి.

ఆ అమ్మాయి ఇప్పుడు రెండో సంవత్సరంలో ఉంది. రెండు పేపర్లు మాత్రం సరిపోలలేదన్నారు. వాటిని ఈ ఏడాది పాఠాలతో పాటే రాస్తోంది.

సభ అయ్యాక మేము ఇక్కడే ఉంటాం. రేపల్లె, బాపట్ల నుంచి వచ్చినవాళ్లు బస్సు టైము చూసుకుని ముందు రండి. ఆధార్, పదో తరగతి మెమో ఫోన్లో ఉన్నా చాలు, రెండు పేర్లూ కలిశాయో లేదో ఇప్పుడే చూద్దాం.