పాత బైనాక్యులర్స్ కొనేముందు

బైనాక్యులర్స్‌తో మన ఆడవాళ్ళకేం పని, అవి మిలటరీవాళ్ళకో, గుర్రప్పందాలకు వెళ్ళేవాళ్ళకో కదా అనుకుంటారేమో. మా ఇంట్లో ఆ వస్తువు మూలంగా ఒక పసిపిల్ల అన్యాయంగా చీవాట్లు తిన్నది. అందుకని చెబుతున్నాను.

మా పుట్టిల్లు కామారెడ్డి జిల్లా మహమ్మద్‌నగర్ దగ్గర. అక్కడికి నిజాంసాగర్ ఎంతో దూరం లేదు. మంజీరా నదిమీద 1923లో మొదలుపెట్టి 1931కి పూర్తిచేసిన ప్రాజెక్టు అది. చలికాలంలో వెళితే నీళ్ళ అంచున కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు చూడముచ్చటగా ఉంటాయి. ఎల్లారెడ్డి వైపు పోచారం చెరువుకైతే హిమాలయాలు దాటి, తలమీద నల్లచారలున్న బాతులు కూడా వస్తాయి. మా చిన్నమ్మాయికి పిట్టల పిచ్చి. సంక్రాంతి సెలవులకు బయల్దేరుతుంటే మావారు ఒక పాత సామాన్ల దుకాణంలో చిన్న బైనాక్యులర్స్ కొనుక్కొచ్చారు. ఒళ్ళంతా నల్లని రబ్బరు తొడుగు. "కిందపడ్డా ఏమీ కాదు, గట్టి సరుకు" అన్నాడట దుకాణదారు.

కట్టమీద నిలబడి చూసిన పిల్ల, "అమ్మా, ఒక్కో కొంగకి రెండేసి తలలున్నాయి" అన్నది. అందరం నవ్వాం. కాసేపటికి తలనొప్పి అన్నది. "అంత డబ్బు పోసి కొంటే వంకలు పెడతావా?" అని నేనే కసిరాను. ఇంటికొచ్చాక కళ్ళ డాక్టరుకు చూపిస్తే, కళ్ళు లక్షణంగా ఉన్నాయన్నారు. అప్పుడుగానీ నాకు వస్తువుమీద అనుమానం రాలేదు!

అసలు సంగతేమిటంటే, ఆ గొట్టాల్లో అద్దాలే కాక ప్రిజాలని గాజుముక్కలుంటాయి. తలకిందులుగా వచ్చే బొమ్మను నిలబెట్టేవి అవే. వస్తువు కిందపడితే రబ్బరు తొడుగుకు గీత కూడా పడదు, లోపల ప్రిజం మాత్రం వెంట్రుకవాసి జరుగుతుంది. దెబ్బను దాచిపెట్టేదీ ఆ రబ్బరే. సూదిలో దారం ఎక్కించేటప్పుడు మన కళ్ళు రెండూ ముక్కువైపు తిరుగుతాయి. అది వాటికి అలవాటే. కానీ ఒక కన్ను పైకి, ఒక కన్ను కిందికి చూడమంటే ఎలా చూస్తాయి? తంటాలుపడి కలపబోతాయి, తల పగులుతుంది.

దీన్ని దుకాణంలోనే పట్టుకోవచ్చు. బైనాక్యులర్స్‌ను కదలకుండా గోడమీద ఆనించి దూరంగా అడ్డంగా ఉన్న కరెంటు తీగనో, డాబా అంచునో చూడండి. అలా చూస్తూనే తలను మెల్లగా జానెడు వెనక్కి జరపండి. రెండు గుండ్రాలు విడివిడిగా కనిపిస్తాయి. రెంటిలోనూ తీగ ఒకే ఎత్తున ఉండాలి. ఒకదానిలో పైకి, ఒకదానిలో కిందికి ఉంటే ఆ వస్తువును అక్కడే పెట్టి వచ్చేయండి. చిన్న రకాలను విప్పించి సరిచేయించటానికి కొన్న ధరకంటే ఎక్కువే కావచ్చు.

తరవాత పెద్ద అద్దాల వైపునుంచి టార్చిలైటు వేసి లోపలికి చూడండి. సాలెగూడులాంటి తీగలు కనిపిస్తే అది బూజు. అద్దంమీది పూతను అది తినేస్తుంది, తుడిచినా మచ్చ పోదు. నాలుగు ధూళిరేణువులుంటే మాత్రం బెంగలేదు.

పైన 10×25 అనో 8×30 అనో అంకెలుంటాయి. మొదటిది ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, రెండోది ముందరి అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో చెబుతాయి. మనం పదిరెట్లంటే మురిసిపోతాం. 25ను 10తో భాగించండి, రెండున్నర. 30ని 8తో భాగిస్తే దాదాపు నాలుగు. కంటికందే వెలుగు గుండ్రం వెడల్పు అది, మిల్లీమీటర్లలో. పిట్టలు బాగా తిరిగేది తెల్లవారుజామున, పొద్దుగూకేవేళ. ఆ మసకలో ఈ తేడా బాగా తెలుస్తుంది. పైగా పదిరెట్లలో చేతి వణుకు కూడా పదిరెట్లే! బరువు కాస్త ఎక్కువైనా నా ఓటు 8×30కే.

కళ్ళజోడున్నవాళ్ళు కంటిదగ్గరి రబ్బరు గిన్నెలను వెనక్కి మడిచి చూడాలి. పాతవి మడిస్తే చిట్లుతాయి, అదీ గమనించండి. అద్దాలను చీరకొంగుతో తుడవకండి. కొంగులో ఏముంటుందో మనకు తెలియనిదా! ముందు దుమ్ము ఊది, మెత్తని పాత నూలుగుడ్డ వాడండి. వానాకాలం డబ్బాలో మందుసీసాల్లో వచ్చే చెమ్మ పీల్చే పొట్లాలు వేసి ఉంచండి. ఎండలో పిల్లల చేతికిచ్చేటప్పుడు సూర్యుడివైపు తిప్పవద్దని గట్టిగా చెప్పండి, కన్నే పోతుంది.

మరుసటి చలికాలానికి ఇవన్నీ చూసుకుని, రంగు వెలిసిన 8×30 ఒకటి నేనే కొన్నాను. మా అమ్మాయి కట్టమీద నీటికాకులను ఒక్కొక్కటే లెక్కపెడుతోంది. పక్కన నిలబడ్డ మా అమ్మ దాని చేతిలోంచి అందుకుని, "పిట్టల సంగతి తర్వాత చూద్దువుగాని, ముందు మన బర్రె ఏడున్నదో చూడనియ్యి" అన్నది.