73 కాదు, 27: విడాకుల తరువాత డబ్బు లెక్క

ఈ ఎపిసోడ్‌లో ముందుగా నా తప్పు ఒకటి సరిదిద్దుకోవాలి.

పోయిన నెల కుటుంబాల్లో డబ్బు గురించి మాట్లాడుతూ ఒక అంకె చెప్పాను. విడాకుల తరువాత మొదటి ఏడాదిలో ఆడవాళ్ళ జీవన ప్రమాణం 73 శాతం పడిపోతుందట, మగవాళ్ళది 42 శాతం పెరుగుతుందట. ఎక్కడో చదివాను, గుర్తుండిపోయింది, చెప్పేశాను. సోషియాలజీలో పీహెచ్‌డీ చేస్తున్న ఒక అమ్మాయి మెయిల్ పెట్టింది. "అన్నా, అది తప్పని 1996లోనే తేలిపోయింది." అంతే, ఒకటే లైను. అంటే నేను పుట్టకముందే కొట్టేసిన లెక్కని మీకు కొత్త విషయంలా చెప్పానన్నమాట.

సరే, కూర్చుని మొత్తం చదివాను. కథ బాగుంది, వినండి.

అమెరికాలోని కాలిఫోర్నియాలో 1970 నుంచి విడాకుల చట్టం మారింది. తప్పు ఎవరిదో నిరూపించక్కర్లేదు, ఉన్న ఆస్తి చెరిసగం. వినడానికి న్యాయంగానే ఉంది కదా? లెనోర్ వైట్జ్‌మన్ అనే సోషియాలజిస్ట్ దీని ఫలితం ఏమిటో చూద్దామని లాస్ ఏంజెలెస్ కౌంటీలో విడాకులు తీసుకున్న 228 మందిని ఇంటర్వ్యూ చేశారు. సగం మంది ఆడవాళ్ళు, సగం మంది మగవాళ్ళు. 1985లో 'ది డివోర్స్ రివల్యూషన్' అనే పుస్తకం వచ్చింది. ఆ 73, 42 అందులోవే. పేపర్లు, కోర్టు తీర్పులు, లా జర్నల్స్, అందరూ ఎత్తి రాసుకున్నారు.

1988లోనే సాల్ హాఫ్‌మన్, గ్రెగ్ డంకన్ అనే ఆర్థికవేత్తలు ఈ అంకెని అనుమానించారు. ఆవిడ పుస్తకంలోని మిగతా వివరాలతోనే అది పొసగడం లేదన్నారు. వాళ్ళ సొంత అధ్యయనంలో పతనం సుమారు 30 శాతమే. అయినా 73 ఆగలేదు. చివరికి రిచర్డ్ పీటర్సన్ అనే పరిశోధకుడు వైట్జ్‌మన్ దాచిన అసలు డేటా తీసి, ఆవిడ పద్ధతిలోనే మళ్ళీ లెక్క కట్టాడు. ఆడవాళ్ళకి 27 శాతం తగ్గింది, మగవాళ్ళకి 10 శాతం పెరిగింది. 1996లో అచ్చయింది. తప్పు జరిగిందని ఆవిడ కూడా ఒప్పుకున్నారు.

మా ఆఫీసు భాషలో చెప్పాలంటే ప్రొడక్షన్‌లో పదకొండేళ్ళు తిరిగిన బగ్ ఇది. రిపోర్ట్ నచ్చింది కాబట్టి ఎవరూ టెస్ట్ చేయలేదు. నేనూ చేయలేదు.

ఇక్కడ కొంతమంది "చూశారా, అంతా అబద్ధమే" అంటారు. ఆగండి. 27 తగ్గడం, 10 పెరగడం చిన్న తేడానా? పైగా ఎవరూ మోసం చేయకపోయినా ఈ తేడా వస్తుంది. ఒక ఊహా లెక్క వేద్దాం. భర్త జీతం 80 వేలు, భార్యది 30 వేలు, ఒక పాప. కలిసి ఉన్నప్పుడు 1 లక్షా 10 వేలు. ఒకే ఇంట్లో ఉంటే అద్దె, కరెంటు కలిసొస్తాయి కాబట్టి మొదటి మనిషిని 1, రెండో పెద్ద మనిషిని 0.5, పిల్లని 0.3 అని లెక్కేసే పద్ధతి ఒకటుంది. మొత్తం 1.8. తలకి 61 వేల చిల్లర. విడిపోయారు, పాప తల్లి దగ్గర, ఆయన నెలనెలా 15 వేలు తప్పకుండా ఇస్తున్నాడు. ఆయనకి మిగిలింది 65 వేలు, అంటే 6 శాతం పెరిగింది. ఆమెకి 45 వేలు, దాన్ని 1.3తో భాగిస్తే 34,600. అంటే 43 శాతం తగ్గింది. ఎక్సెల్‌లో రెండు నిమిషాల పని, మీరూ వేసి చూడండి.

ఆ 80కి, 30కి మధ్య తేడా ఎలా వచ్చింది అన్నదే అసలు ప్రశ్న. వైట్జ్‌మన్ అంకె తప్పింది గానీ ఈ మాట మాత్రం బాగా పట్టుకున్నారు. పెళ్ళిలో కూడే పెద్ద ఆస్తి ఇల్లు కాదు, సంపాదించే శక్తి, అది చెరిసగం కాదు అని.

నాకు ఇది పుస్తకం విషయం కాదండీ. మా అక్కది కోర్టులో నడుస్తోంది. తనని అడిగే చెప్తున్నాను. పాప పుట్టాక మూడేళ్ళు ఉద్యోగం మానేసింది, తిరిగి చేరితే తక్కువ జీతం. ఫ్లాటు, లోను రెండూ బావ పేరు మీదే (ఇప్పటికీ నోటికి బావ అనే వస్తుంది). ఈఎంఐ ఆయన ఖాతాలోంచి, కిరాణా, స్కూలు ఫీజు, పనిమనిషి జీతం అక్క ఖాతాలోంచి. అప్పట్లో ఇంట్లో అందరికీ అది సర్దుబాటు. ఇప్పుడు స్టేట్‌మెంట్లు తీస్తే ఆయన డబ్బు ఇల్లయి కనిపిస్తోంది, అక్క డబ్బు బియ్యం, పప్పులైపోయింది. ఆయన చెడ్డవాడని నేను అనడం లేదు. లెక్క అలా తయారైంది.

మన చట్టంలో భరణం ఉంది, హిందూ వివాహ చట్టం 24, 25 సెక్షన్లు. కానీ పెళ్ళయ్యాక కూడబెట్టిన ఆస్తిని విడాకులప్పుడు ఇద్దరికీ ఇంతింత అని పంచే సాధారణ నియమం లేదు. గోవాలో వేరు. 2020 నవంబరులో సుప్రీంకోర్టు రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో, భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ ఇవ్వాలని, భరణం దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి లెక్కించాలని చెప్పింది. ఇంటి కోసం ఉద్యోగం వదులుకున్న సంగతి కూడా చూడాలంది. ఇవి తెలియక చాలామంది నోటిమాటగా ఎంతకో ఒప్పేసుకుంటున్నారు.

ఆ అఫిడవిట్ కోసం రెండు ఆదివారాలు అక్క, నేను పాత స్టేట్‌మెంట్లు ముందేసుకుని కూర్చున్నాం. ఫ్లాటు అడ్వాన్సు కోసం అక్క పెళ్ళి నగలు అమ్మింది. ఆ రసీదు దొరకలేదు. కానీ ఆ నెలలో తన ఖాతా నుంచి బావ ఖాతాకి 4 లక్షల 20 వేలు వెళ్ళిన లైను దొరికింది. రిమార్క్స్‌లో 'ఇల్లు' అని కొట్టింది. లాయరు గారు చూసి ఇది పెట్టండి అన్నారు.

వాయిదా వచ్చే నెల. పాత వీడియోలో 73 దగ్గర స్క్రీన్ మీద సవరణ పెట్టాను. మెయిల్ పెట్టిన ఆ అమ్మాయికి థ్యాంక్స్. అఫిడవిట్‌లో ఏ కాలమ్ ఎలా నింపాలో వచ్చే ఎపిసోడ్‌లో ఒక ఫ్యామిలీ కోర్టు లాయరు గారితో కూర్చుని చూద్దాం. ఉంటాను.