దూడకు తొలి రక్ష ముర్రుపాలే
(ఇబ్రహీంపట్నమున పాడి రైతుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



హైదరాబాదు నగరము మనకు ఇంచుమించు 30 కిలోమీటర్ల దూరముననే యున్నది. మన బర్రెల పాలకు అచ్చట గిరాకి కలదు. గిరాకి యున్నచోట దూడ వంతు తగ్గుట సహజము. కాని నేటి దూడయే రేపటి పాడి యని మనము మరువరాదు. పుట్టిన కొలది దినములకే పారుడు పట్టి దూడ చనిపోయినచో, తల్లి చేపుటకు మొరాయించును, నష్టము రెండింతలగును.

ఈ పారుడునకు మూల మెచ్చట నున్నది? మానవ శిశువునకు తల్లి గర్భముననే రోగములను ఎదిరించు ప్రతిరక్షకములు కొంత లభించును. బర్రె, ఆవు, మేక, గొఱ్ఱె పిల్లలకు ఆ భాగ్యము లేదు. వాటి మాయ నిర్మాణము ప్రతిరక్షకములను లోనికి పోనీయదు. కావున అవి వట్టిచేతులతో పుట్టుచున్నవి. ఆ లోటును తీర్చునది ముర్రుపాలే. పుట్టిన తొలి గంటలలో దూడ ప్రేగు గోడ ఈ ప్రతిరక్షకములను చెక్కుచెదరకుండ రక్తములోనికి పోనిచ్చును. గంట గంటకు ఆ దారి ఇరుకై, ఒక దినము గడచునప్పటికి మూసికొనిపోవును. పిదప ఎన్ని పాలు త్రాగించినను ఆ రక్ష రక్తమున కెక్కదు.

మాయ పడువరకు దూడను తల్లి దగ్గరకు పోనీయరాదని కొందరు పెద్దలు చెప్పుదురు. ఇది సరికాదు. దూడ చీకుటచే గర్భాశయము ముడుచుకొని మాయ పడుటకు సాయమే కలుగును. కావున 30 కిలోల దూడకు మొదటి గంటలోనే లీటరున్నర, 12 గంటలలోపల మరి లీటరున్నర ముర్రుపాలు త్రాగింపవలెను. తల్లి చనిపోయినచో అప్పుడే ఈనిన మరియొక పశువు ముర్రుపాలు పట్టవచ్చును. వానిని కాచరాదు. పొయ్యిమీద పెట్టినచో అవి జున్నుగా గడ్డకట్టును, ప్రతిరక్షకములు చెడిపోవును. జున్ను వండుకొనవద్దని మేము చెప్పుట లేదు. దూడ కడుపు నిండిన పిమ్మటనే దుత్తలోనికి పిండుడని కోరుచున్నాము.

నేడు మందుల అంగళ్ళలో దూడల ప్రేగులకు బలమిచ్చునవని పలు పొడులు దొరకుచున్నవి. వానిలో కొన్నింట పెరుగులోని వానివంటి మేలుచేయు సూక్ష్మజీవులు, మరి కొన్నింట ఈస్టు ఉండును. ఈస్టు పై పొరలోని పదార్థమునకు కొన్ని చెడు సూక్ష్మజీవులు అంటుకొని, ప్రేగు గోడను పట్టుకొనలేక పేడతో వెడలిపోవును. పశువైద్యుని సలహాపై వీనిని వాడవచ్చును. కాని ఇవి ముర్రుపాలకు తోడే గాని బదులు కావు.

బలము కొరకు దాణాలో యాంటీబయాటిక్ మందులు కలుపుట మరింత హాని. మందుకు లొంగని సూక్ష్మజీవులు పుట్టి మనుష్యులకును ముప్పు తెచ్చును. యూరోపియన్ యూనియన్ దేశములు పెరుగుదల కొరకు వీనిని దాణాలో వాడుటను 2006లో నిషేధించినవి. మన దేశమున కొలిస్టిన్ అను మందును ఆహారమునకై పెంచు పశుపక్ష్యాదులకు వాడరాదని 2019లో ఉత్తరువు వెలువడినది.

పారుడు కనిపించినచో పాలు మాన్పక, ఉప్పు, పంచదార కలిపిన నీరు మధ్యమధ్య త్రాగించుచు, వెంటనే పశువైద్యశాలకు కబురు పంపవలెను. దూడ కట్టు స్థలము పొడిగా నుంచవలెను.

ముర్రుపాలు కొనవలసినవి కావు. తల్లి పొదుగుననే యున్నవి. వలసినది వేళకు త్రాగించుటయే. ఈసారి మీ కొట్టమున బర్రె ఈనినప్పుడు మాయ కొరకు గాక, గడియారము వైపు చూడుడు.