రైతుకు సలహా చెప్పేవారికి ఏం నేర్పాలి?

మిత్రులారా, ఇంజనీరుకి వ్యవసాయంతో పనేంటని కొందరు నవ్వుకుంటున్నారు. మనలో సగం మందిమి రైతుబిడ్డలమే కదా, ఆ చనువుతో మాట్లాడతాను.

మన ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయాన్ని ఊరూరా నడిపిస్తోంది. 2024 గుల్బెంకియన్ బహుమతిలో ఆ కార్యక్రమానికీ వాటా దక్కింది. అందులో నాకు నచ్చింది, నేర్పే పనిని అనుభవమున్న రైతుల చేతిలోనే పెట్టడం. వ్యవసాయ డిగ్రీ చదివినవాళ్లు కూడా ఊళ్లో ఉండి నేర్చుకోవాలి.

ఎకరాకు ఎన్ని బస్తాల యూరియా అని చదివినవాడు, ఇప్పుడు ఎకరాకు 200 లీటర్ల జీవామృతం అని బట్టీపట్టి వస్తే మారిందేముంది? చీటీ మారింది, అంతే. నేర్పాల్సింది చూడటం. పొలంలోని ఎండిన మట్టిపెళ్లను గాజుగ్లాసు నీళ్లలో వదలండి. జీవమున్న మట్టి చాలాసేపు విడిపోదు. సారం పోయిన మట్టి చూస్తుండగానే కరిగి నీళ్లు బురదవుతాయి. పక్క గ్లాసులో గట్టుమీది పెళ్లను వేస్తే, ఇక రైతే మాట మొదలుపెడతాడు.

అసలు చిక్కు వేరే ఉంది. మొదటి ఏడు దిగుబడి తగ్గొచ్చు. సలహాదారు జీతం తగ్గదు, కౌలురైతు అప్పు పెరుగుతుంది. పైగా కౌలు ఏడాదికే అయితే బాగుపడ్డ నేల యజమానిది. అందుకే ముందు అరెకరంలో మొదలుపెట్టించడం, దాని ఖర్చూ రాబడీ రైతు పక్కన కూర్చుని రాయడం, కౌలు గడువు అడగడం శిక్షణలోనే ఉండాలి.

మాస్టార్లు ఒప్పుకుంటే మన తొమ్మిదో తరగతి పిల్లలతో ఈ మట్టిపెళ్ల పరీక్ష చేయిద్దాం. గ్లాసుల ఖర్చు మా బ్యాచ్‌ది.