కాంతికి వంగెడి పొర



సూర్యోదయమున తామర విచ్చుకొనుట వింత గాదు. దానికి ప్రాణము గలదు. ప్రాణములేని పొర వెలుతురు సోకి వంగుట వింత. 2003లో జపానుదేశమున టోక్యో సాంకేతిక విద్యాసంస్థయందు తొమికి ఇకెడా, ఆయన సహచరులును అట్టి పాలిమరు పొరను లోకమునకు జూపిరి.

దానికి మూలము ఆజోబెంజీను అను అణువు. అతినీలలోహిత కిరణము తగిలిన, చాచిన చేయి మోచేతికడ ముడిచినట్లు ఈ అణువు వంగును. కొనల నడిమి దూరము 9 ఆంగ్‌స్ట్రాములనుండి 5.5కు తగ్గును. ఆంగ్‌స్ట్రామనగా మిల్లీమీటరులో కోటియవ వంతు. కంటికి గనబడు వెలుతురు తగిలిన అణువు మరల చాచుకొనును. వెలుతురుచే ఈ అణువు రూపుమారుటను హార్ట్‌లీ అను శాస్త్రజ్ఞుడు 1937లోనే వెల్లడించెను.

ఇంత స్వల్పచలనము పొర నెట్లు వంచును? పొరలో అణువులు జట్లు జట్లుగా నుండి, ఒక్కొక్క జట్టునందు ఒకేదిక్కునకు వరుసదీరి, గొలుసులతో పెనవేసికొని యుండును. కాంతి పైభాగముననే యింకిపోవుటచే అది కుంచించుకొనును, అడుగుభాగము కుంచించుకొనదు. అందుచే పొర వెలుతురువైపునకు వంగును. కాంతి కంపించు దిక్కు మార్చిన వంగు దిక్కును మారును.

తీగయు, మోటారును లేని చలన మిది. అయినను కాంతిశక్తిలో మిక్కిలి స్వల్పభాగమే పనిగా మారుచున్నది. ఆ లోటు తీరవలసి యున్నది.

ఒంటరి అణువు దేనిని వంపజాలదు. గడ్డిపోచలు పేనిన మోకే గదా యేనుగును గట్టునది! చిన్నచిన్న చందాలతో 25 ఏండ్లు నిలిచిన యీ గ్రంథాలయమువారికి ఆ మర్మము తెలియనిది గాదు.